ఈ ఎత్తు నీదేనా అక్కా

జిల్లా జైలు, విజయవాడ
ఆగస్టు

అక్కకి,

వందనాలు. నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

ముందే చెప్పేస్తున్నా, కోపం తెచ్చుకోకు. ఇకనుంచి నువ్వు ములాఖత్‌కి రావద్దు. చల్లపల్లి నుంచి అంతదూరం బస్సులో నిలబడి వస్తావు, ఆ ఇనుప జాలీ అవతల నిలబడి 'చిక్కిపోయావురా' అంటావు. ఆ ఒక్క మాట చెప్పడానికి నువ్వు రావడం, అది వినడానికి నేను నిలబడటం, ఇద్దరికీ ఎందుకీ శిక్ష? నువ్వు వెళ్ళాక ఆ పూట కంచం పక్కన పెట్టేస్తాను. వారానికోసారి ఇచ్చే ఫోను అమ్మకి చేస్తున్నాను. ఆవిడ వినేది సగం, ఏడ్చేది సగం. నీకు ఉత్తరాలు రాస్తాను.

ఇక్కడ ఆమోసు గారని గుడివాడ వైపు పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నేను వచ్చిన కొత్తల్లో ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాణ్ణి. ఆయన లేపి కూర్చోబెట్టి చదరంగం నేర్పాడు. అట్ట మీద గళ్ళు గీశాడు. సీసా మూతలే బంట్లు. ఆడుతున్నంతసేపూ ఆ కరకట్ట రోడ్డు గానీ, నేను దాటబోయిన గడ్డి ట్రాక్టరు గానీ, సైకిలు మీద వస్తూ నా బండి కింద పడిన తిరుపతిరావు గారు గానీ కళ్ళ ముందుకు రారు. ఆట అయిపోగానే మళ్ళీ వస్తారనుకో. అయినా ఆ కాసేపు చాలు.

ఆయన ఈ నెలలో విడుదలై వెళ్ళిపోతున్నాడు. మా బ్యారక్‌లో ఇంకెవరికీ ఆట రాదు. నువ్వు నేర్చుకో అక్కా. ఫోన్లో కంప్యూటర్‌తో ఆడి నేర్చుకోవచ్చట. ఎత్తులు పోస్టుకార్డుల మీద రాసుకుందాం, కబుర్లు కవర్లో పెట్టుకుందాం.

నీ తమ్ముడు,
జోయెల్


చల్లపల్లి
ఆగస్టు చివర

ఒరే జోయెల్,

రావద్దంటావా? రాను పో. నీ కోసం క్యారేజీలో కట్టిన చేపల పులుసు గేటు దగ్గరే ఆపేస్తుంటే, దాన్ని తిరిగి మోసుకొచ్చే బాధ నాకూ తప్పింది. కోపంగానే రాస్తున్నాను, కోపంగానే చదువుకో.

ఇక నీ చదరంగం. పొద్దున్నించి జనం చేతులకి సూదులు గుచ్చి రక్తాలు తీసి, ఆ సీసాల మీద పేర్లు రాసి, సాయంత్రం రిపోర్టులిచ్చే దాన్ని నేను. నాకు గుర్రాలూ ఏనుగులూ ఎందుకురా? అయినా యాప్ వేశాను. అందులో కంప్యూటర్‌కి తరగతులున్నాయి. అన్నిటికంటే చిన్న తరగతికి కోడిపిల్ల బొమ్మ పెట్టారు. దానికో కళ్ళజోడు. ఆ కోడిపిల్ల నన్ను వరసపెట్టి ఓడిస్తోంది. ఓడిన ప్రతిసారీ 'బాగా ప్రయత్నించారు!' అని వస్తుంది. దాని తలకాయ.

ఓడిపోవడం కాదు నా మంట. నేను తల పట్టుకుని, టీ చల్లారిపోయేదాకా ఆలోచించి ఒక బంటుని జరుపుతానా, అది రెప్పపాటులో జవాబు వేసేస్తుంది. కాస్త ఆగి ఆలోచించినట్టు నటించినా బాగుండును. నా ఆలోచనకి మర్యాద లేదు దాని దగ్గర. గుర్రం అయితే ఎటు దూకుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చూడని చోటికే దూకుతుంది.

మీ బావ వెనక నిలబడి నవ్వుతున్నాడు. 'క్రిస్టినా, కోడిపిల్ల మీద కోపమొస్తే కోడికూర వండెయ్యి' అంటాడు. ఆయన్నీ ఆ కోడిపిల్లనీ కలిపి గంపకింద మూసెయ్యాలని ఉంది.

మొదటి ఎత్తు కార్డు మీద పంపుతున్నాను. అన్నం తిను.

అక్క


జిల్లా జైలు, విజయవాడ
సెప్టెంబరు

అక్కకి,

వందనాలు. నీ ఉత్తరం చదివి నవ్వాను. ఇక్కడికొచ్చాక అదే మొదటిసారి. పక్కవాడు 'ఏంటి, బెయిలొచ్చిందా?' అని అడిగాడు. శిక్ష పడ్డవాడికి బెయిలేంటని వాడికీ తోచలేదు, నాకూ తోచలేదు.

నీ కార్డు ఆఫీసులో ఆగిపోయింది. ఉత్తరాలన్నీ చదివాకే మాకిస్తారు. 'రాజు ముందు బంటు రెండు గళ్ళు' అని ఒక్క ముక్క రాసి పంపితే వాళ్ళేమనుకుంటారు? నన్ను పిలిచి 'రాజెవరు? బంటెవరు?' అని అడిగారు. అట్టముక్క తెచ్చి చూపించాను. ఆఫీసులో పెద్దాయన ఒకాయన అంతా విని, 'ఈ ఎత్తుకి నువ్వేం వేస్తావు?' అని అడిగి మరీ కార్డు చేతికిచ్చాడు.

నీకొక మాట. ఎత్తు తోచగానే ఫోను మీద వేలు పెట్టకు. చేతులు ఒళ్ళో పెట్టుకో. అవతలివాడు ఇప్పుడు వేసిన ఎత్తు ఎందుకు వేశాడు అని అడుగు. జవాబు దొరికాకే చెయ్యి పైకెత్తు. ఆమోసు గారు నాకు నేర్పింది ఇంతే. ఆయన వెళ్ళిపోయాడు. సీసా మూతలు నాకే ఇచ్చి వెళ్ళాడు.

ఇంకొక సంగతి. తిరుపతిరావు గారి ఇంటావిడ రామతులసి గారు ఎలా ఉన్నారో ఏమైనా తెలిసిందా? తీర్పు రోజు కోర్టులో నావైపు ఒకే ఒక్కసారి చూసింది. కరకట్ట కింద వాళ్ళ ఇల్లు నీకు తెలుసు కదా.

జోయెల్


చల్లపల్లి
అక్టోబరు

జోయెల్‌కి,

నా మంత్రిని తీసేశావా! తోడబుట్టిన అక్కని, కాస్త ముందుగా 'అక్కా, అది వదిలేస్తున్నావు చూసుకో' అని ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోయింది? కోడిపిల్ల కొడితే ఫోను పక్కన పడేస్తాను. ఇది పోస్టుమాను చేతిలో పెట్టి వెళ్ళిన దెబ్బ. వంటింట్లో నిలబడి కార్డు చదువుతుంటే పాలు పొంగిపోయాయి.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ యాప్ తీసేశాను. మధ్యాహ్నానికి మళ్ళీ వేసుకున్నాను. నువ్వు చెప్పినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకునే ఆడాను. అది ఎందుకు ఆ ఎత్తు వేసిందని అడిగాను కూడా. ఎవర్ని అడగను? నువ్వంటే నాకు తెలుసు. చిన్నప్పుడు నీకు ఏదైనా కావాలంటే ముందు అటు చూడకుండా పక్కకి చూస్తావు. కంప్యూటరు ఎటు చూస్తుందిరా? దానికి నా మీద కోపం లేదు, గెలవాలన్న ఆశ లేదు. అలాంటిదాన్ని అర్థం చేసుకోవడం ఎలా?

ఒకసారి గెలిచాను. ఎగిరి గంతేసి మీ బావకి చూపించాను. 'వెనక్కి తీసుకునే మీట అన్నిసార్లు నొక్కితే మన గేదె కూడా గెలుస్తుంది' అన్నాడు. ఆ రాత్రి ఆయనకి కూర వడ్డించలేదు, పచ్చడే.

మన ఆట ఇక నిలబడదని నాకే తెలుస్తోంది. కానివ్వు.

అక్క


జిల్లా జైలు, విజయవాడ
నవంబరు

అక్కకి,

ఆటకట్టు. చివరి ఎత్తు కార్డు అందే ఉంటుంది.

ఇంకో ఆట వద్దులే. నీకూ పనులుంటాయి. ల్యాబ్, ఇల్లు, అమ్మ. నా కోసం ఆ కోడిపిల్ల చేతిలో దెబ్బలు తింటున్నావు. నేను అడగకుండా ఉండాల్సింది.

ఇక్కడ వానలు. నాలుగు రోజుల్నించి పడుకునే ఉంటున్నాను. ఒంట్లో బాగానే ఉంది, లేవాలనిపించడం లేదంతే. మూతలు గుడ్డలో కట్టి పక్కన పెట్టాను.

రామతులసి గారి సంగతి అడిగాను. నువ్వు రాయలేదు.

జోయెల్


చల్లపల్లి
నవంబరు

ఒరే జోయెల్,

మూతలు విప్పు. కొత్త ఆట. నా మొదటి ఎత్తు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను, కార్డుకోసం ఆగకు. ఈసారి నన్ను ఓడించి చూడు. రోజూ నేర్చుకుంటున్నాను.

ఆ ఇంటి సంగతి నాకేం తెలియదు. అటు వెళ్ళడం లేదు.

లేచి స్నానం చెయ్యి.

అక్క


జిల్లా జైలు, విజయవాడ
క్రిస్మస్ ముందు వారం

మా అక్క క్రిస్టినా గారికి,

వందనాలు, వందనాలు, వందనాలు! ఏనుగుని అలా వదిలేస్తావా? వెర్రిదానిలా వదిలేసిందే అని సంబరపడి తీసుకున్నాను. ఇప్పుడు చూస్తే నా రాజు చుట్టూ గాలి ఆడటం లేదు. ఎప్పుడు నేర్చుకున్నావే ఇదంతా?

కార్డు వచ్చిన రోజు మా బ్యారక్ అంతా నా చుట్టూ చేరుతోంది. ఆట రానివాళ్ళు కూడా 'మీ అక్క ఏం వేసింది?' అని అడుగుతున్నారు. ఆఫీసు పెద్దాయన అయితే కార్డు ఇచ్చేముందు తనే కాసేపు చూస్తాడు. 'ఆవిడ ఏం చదివిందయ్యా?' అన్నాడు. రక్తపరీక్షలు చేస్తుందని చెప్పాను.

పొద్దున్నే లేస్తున్నాను. రెండుపూటలా తింటున్నాను. పడుకున్నాక కూడా నీ ఎత్తు గురించే ఆలోచన. నీ మనసులో ఏముందో అని గళ్ళన్నీ వెతుకుతుంటే, నువ్వు నా ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. ములాఖత్‌లో చూసినప్పటికంటే ఇప్పుడే నిన్ను దగ్గరగా చూస్తున్నాననిపిస్తోంది అక్కా. ఇది నీకు ఎలా చెప్పాలో తెలియక ఇలా రాశాను.

పండక్కి అమ్మకి కొత్త చీర కట్టించు.

నీ తమ్ముడు,
జోయెల్


చల్లపల్లి
క్రిస్మస్ మర్నాడు

జోయెల్‌కి,

పండగ బాగా జరిగింది. అమ్మ కొత్త చీర కట్టుకుంది, నీ ఫొటో దగ్గర కేకు ముక్క పెట్టింది. చీమలు పట్టాయి.

నా ఆట గురించి అందరికీ చెప్పకు. అంత గొప్పేం కాదు. ఎత్తు కార్డు మీద పంపాను.

అక్క


జిల్లా జైలు, విజయవాడ
జనవరి

క్రిస్టినా గారికి,

ఈ ఎత్తు నీదేనా అక్కా?

చక్రి అని కొత్తగా ఒకడు వచ్చాడు. కాలేజీలో ఉండగా పోటీల్లో ఆడేవాడట. గొప్పగా మన ఆట మొదటి నుంచీ పేర్చి చూపించాను. సగందాకా 'అబ్బో' అన్నాడు. తర్వాత ఎత్తులు వెనక్కి వేసి మళ్ళీ చూశాడు. చివరికి, 'బాబాయ్, ఒక్క తప్పు లేదు. మనిషన్నాక ఒకచోటన్నా తడబడుద్ది. ఇది మీ అక్క ఆడింది కాదు, మెషీను' అన్నాడు. వాడి మీద చెయ్యి చేసుకోబోయాను. పక్కవాళ్ళు పట్టుకున్నారు.

తర్వాత కూర్చుని నేనే చూసుకున్నాను. మొదటి ఆటలో నువ్వున్నావు. తొందరపాటు, గుర్రాన్ని చూసుకోకపోవడం, కోపమొచ్చి మంత్రిని ముందుకి తోలడం, అంతా నువ్వే. రెండో ఆటలో నువ్వు ఎక్కడా లేవు. నేనే గుడ్డివాణ్ణి.

ఇన్ని వారాలు నేనెవరి మనసు వెతికాను? ఎవరూ లేనిచోట కూర్చుని నవ్వాను, మురిసిపోయాను. ఇక్కడ తాళాలేసి లోపల పెట్టారు, అది నేను చేసినదానికి. నువ్వెందుకు నన్ను ఇలా చేశావు?

రామతులసి గారి సంగతి అడిగితే తెలియదంటావు. ఎత్తు అడిగితే ఇంకొకరిది పంపుతావు. నీ దగ్గర నాకు నిజమేది?

కార్డులు పంపకు.

జోయెల్


చల్లపల్లి
జనవరి

జోయెల్,

పైన 'అక్క' తీసేసి ఉత్త 'గారు' అని రాశావు. వందనాలు కూడా లేవు. అయినా చదువు.

అవును, మెషీనే. నీ ఎత్తుల్ని ఫోన్లో వేసి, అన్నిటికంటే పై తరగతిలో ఉన్న కంప్యూటరు ఏం వేస్తే అది కార్డు మీదకి ఎక్కించాను. ఒక్కటంటే ఒక్కటి నాకు అర్థమై పంపలేదు. నువ్వు మెచ్చుకున్న ఆ ఏనుగు ఎత్తు చూసి, యాప్ పాడైందేమో అనుకున్నాను.

ఎందుకు చేశానంటే, ఆట అయిపోతే నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. ఇంకో ఆటలో కూడా పది ఎత్తులకే నేను ఓడిపోతే? పడుకున్నవాణ్ణి మళ్ళీ ఎవరు లేపుతారు? ములాఖత్‌కి రావద్దన్నావు. నా చేతిలో ఉన్నది ఆ కార్డొక్కటే. నేను ఓడిపోకుండా ఉంటే నువ్వు లేచి కూర్చుంటావనుకున్నాను. కూర్చున్నావు కూడా. నువ్వు అంత మురిసిపోతూ రాసిన ఉత్తరం చదివి నేను సంతోషపడలేదురా. ల్యాబ్‌లో బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. అప్పటికి చెప్పే దారి కనపడలేదు.

రామతులసి గారి విషయంలో కూడా అబద్ధం చెప్పాను. నువ్వు అడగకముందే ఒకసారి వెళ్ళాను. నా ముఖం చూసి తలుపేసుకుంది. అక్టోబరులో మళ్ళీ వెళ్ళాను. ఈసారి కూర్చోమనలేదు గానీ తలుపు వెయ్యలేదు. గుమ్మంలో నిలబడే అడిగింది.

'మీ తమ్ముడు ఆగాడంట గదా. పారిపోలేదంట. ఆయన దగ్గర కూర్చున్నాడంట. పోయేముందు ఆయన ఏమన్నా అన్నాడా?'

'నాకు తెలియదండీ' అన్నాను.

'కోర్టులో అందరూ ఏయేవో అడిగారు. బ్రేకెప్పుడేశావు, లైటుందా, లైసెన్సుందా అని. ఈ ఒక్కటీ ఎవరూ అడగలా. నన్ను అడగనియ్యలా. నాకు అదొక్కటే గావాలమ్మా.'

నీకు రాయలేకపోయాను. ఆ సాయంత్రం గురించి నువ్వు పోలీసులకి తప్ప ఎవరికీ చెప్పలేదు, మాకు కూడా. ఆట ఆడుతున్న కాసేపన్నా అది కళ్ళముందుకి రాదని మురిసిపోయిన వాడివి, నేనే దాన్ని కవర్లో పెట్టి ఎలా పంపను? అలా అని ఆవిడ ఆ గుమ్మంలో ఎదురుచూస్తోందని తెలిసీ, నెలలకొద్దీ కరకట్ట రోడ్డు మానేసి చుట్టు తిరిగి వెళ్తున్నాను.

ఇదీ నిజం. కార్డు పంపడం లేదు. నీ ఇష్టం.

క్రిస్టినా


జిల్లా జైలు, విజయవాడ
ఫిబ్రవరి

అక్కా,

రెండు వారాలైంది. మొదట కోపంతో రాయలేదు. తర్వాత భయంతో రాయలేదు.

ఆవిడకి చెప్పు. నేను ఆగి దిగి పరుగెత్తాను. ఆయన తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. రక్తం పెద్దగా కనపడలేదు, బతుకుతాడనే అనుకున్నాను. 108కి ఫోను చేశాను. ఆయన నన్ను తిట్టలేదక్కా. ఎవరివి అని కూడా అడగలేదు. రోడ్డు వైపే చూస్తూ, 'సైకిలు పక్కకి లాగు బాబూ. చీకటి పడతంది, ఎవరన్నా గుద్దుకుంటారు' అన్నాడు.

తల కింద నా చొక్కా మడిచి పెట్టి, లేచి వెళ్ళి సైకిలు లాగాను. హ్యాండిల్‌కి అరటికాయల సంచి ఉంది. అది కూడా తీసి గట్టు మీద పెట్టాను. తిరిగి వచ్చేసరికి ఆయన లేడు. అంతే. ఆ కాసేపట్లో పోయాడు. పక్కన ఒక్క మనిషి లేకుండా పోయాడు, నేను సైకిలు దగ్గర ఉండగా. కళ్ళు మూసుకుంటే బండి తగిలిన చప్పుడు కాదు నాకు వినపడేది. సైకిలు లాగుతుంటే గొలుసు రోడ్డుకి రాసుకున్న చప్పుడు.

ఇది వింటే ఆవిడకి బాధ తగ్గుతుందో పెరుగుతుందో తెలియదు. దేన్నీ తగ్గించకుండా చెప్పు. 'లేచి వెళ్ళకుండా ఉండాల్సింది' అంటే, అవునని చెప్పు.

చక్రి నాతో రోజూ ఆడుతున్నాడు. వాడు గెలుస్తాడు, విసుగ్గా ఉంటుంది. వాడి ఎత్తులు బాగుంటాయి గానీ వాడి మీద నాకు కోపం రాదు. నీకు ఇష్టమైతే మనం మళ్ళీ మొదలెడదాం. ఎంత పిచ్చి ఎత్తయినా సరే, నీదే పంపు. పది ఎత్తుల్లో అయిపోతే పదకొండోది కొత్త ఆట. నేను పడుకోను, మాటిస్తున్నాను.

వందనాలు.

జోయెల్


చల్లపల్లి
ఫిబ్రవరి

ఒరే తమ్ముడూ,

ముందు ఎత్తు. మంత్రి వైపున్న గుర్రాన్ని బంట్ల మీదుగా బయటికి దూకించాను. వేశాక అది తప్పేమో అనిపించింది. కనుక్కుందామని ఫోను తియ్యలేదు. ఆ కోడిపిల్లతో ఇప్పటికీ ఓడుతున్నాను. మొన్న ఒక్క బంటు తేడాతో పోయిందిరా, ఒక్క బంటు! ఫోను మంచం మీదకి విసిరాను. నేల మీదకి విసిరేంత ధైర్యం లేదు.

నిన్న రామతులసి గారింటికి వెళ్ళాను. పెరట్లో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. నిలబడే చెప్పబోయాను. 'కూసో' అని గోనెపట్టా జరిపింది. నీ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఏదీ తగ్గించలేదు. నువ్వు లేచి వెళ్ళిన సంగతీ చెప్పాను, అరటికాయల సంచి సంగతీ చెప్పాను.

చాలాసేపు కొమ్ములు తిప్పుతూనే ఉంది. చేతులు ఆగలేదు. తర్వాత అంది.

'ఆయనంతే. రోడ్డు మీద చిన్న మేకు కనపడినా ఒంగి ఏరి పక్కన పడేసేవాడు. ఇంటికి ఆలీసమయ్యేది. ఎన్ని తిట్లు తిట్టేదాన్నో.'

'మా వాడు ఆయన దగ్గర్నుంచి లేచి వెళ్ళకుండా ఉండాల్సిందండీ' అన్నాను.

నావైపు కోపంగా చూసింది. 'ఆయన చెప్పాక వెళ్ళకుండా ఎట్టా ఉంటాడు?' అంది. 'సైకిలు అట్టా రోడ్డు మీదే ఉంటే ఆయన పానం పోయేది కాదు, కొట్టుకులాడేది.' రెండు కొమ్ములు తిప్పేసి మళ్ళీ అంది. 'చూడమ్మా, నేను మీ తమ్ముణ్ణి చమించానని మాత్రం రాయమాక. ఆ మాట నా నోటెంట రాలా. వస్తదో రాదో కూడా తెలవదు. కానీ నువ్వు చెప్తే సరిపోలా నాకు. ఆయన ఎట్టా అన్నాడో, గొంతు ఎట్టా ఉందో, ఆ అబ్బాయి నోటితో వినాల. ఆణ్ణి చూడనిస్తారా?'

నువ్వు ములాఖత్‌కి రావద్దన్నావని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అడిగి చెప్తానన్నాను. బస్టాండుదాకా వచ్చేసరికి, ఇందులో అడగడానికేముందిలే అనిపించి వెనక్కి వెళ్ళి 'శనివారం పొద్దున బయల్దేరదామండీ' అని చెప్పాను.

ఇద్దరం వస్తున్నాం. ఆవిడ నిన్ను తిడుతుందో, ఏడుస్తుందో, ఊరికే నిలబడి చూస్తుందో నాకు తెలియదు. నువ్వు మాత్రం తల దించుకుని గొణగొద్దు. ఆ జాలీ దగ్గర గోల ఎక్కువ. ఆవిడకి వినపడేలా చెప్పు.

అక్క